మూడు మూలల పసుపు

నరుకుతానని ఉత్తరం రాసిన మనిషి తలుపు తీసి, "రండమ్మా. పంపు దగ్గర చెంబు ఉంది, కాళ్ళు కడుక్కుని లోపలికి రండి," అన్నాడు.

భారతమ్మ కాళ్ళు కడుక్కుంటూనే ఆ మనిషిని ఎగాదిగా చూసింది. ఇరవై రెండేళ్ళుగా తిరుపతిలో పెళ్ళి సంబంధాలకు వాకబు చేసిపెట్టడం ఆమె వృత్తి. పిల్లవాడు తాగుతాడా, చెప్పిన ఉద్యోగం నిజంగా ఉందా, మొదటి పెళ్ళి ఏమైనా దాచారా అని కనుక్కోవడంలో చిత్తూరు, పలమనేరు దాకా ఆమెకు పేరుంది. మనిషిని గుమ్మంలోనే సగం చదివేస్తుంది. ఈ మనిషికి డెబ్బైకి ఒకటి తక్కువ. నుదుట తిరునామం, ముక్కు మీద నుంచి జారే కళ్ళద్దాలు. బరువు చూస్తే రెండు బియ్యం బస్తాలకు కాస్త తక్కువే. చేతిలో కత్తి లేదు, కాగితాలకు చిల్లులు వేసే పంచింగ్ మిషను ఉంది.

పేరు ముకుందం. దేవస్థానం ఆఫీసులో ముప్పై నాలుగేళ్ళు గుమాస్తాగా చేసి రిటైరయ్యాడు. భారతమ్మ సంచీలో ఉన్న రంగు జిరాక్సు ప్రకారమైతే, మునిచంద్ర అనే కుర్రవాణ్ణి కనబడిన చోట నరుకుతానని రాసి, కింద తన పేరు, ఇంటి నంబరు, పిన్‌కోడు కూడా ఇచ్చిన హంతకుడు.

పిన్‌కోడు దగ్గరే ఆమెకు మొదటి అనుమానం వచ్చింది.

గోడ గడియారం పదకొండూ పది చూపిస్తోంది. ఒంటిగంటన్నరకు కోర్టు.

కోర్టంటే చిత్తూరు కోర్టు కాదు. ఉత్తరాన ఎక్కడో ఉన్న ఒక చలిదేశంలో, పరాయి దేశాల నుంచి వచ్చి 'మమ్మల్ని ఇక్కడే ఉండనివ్వండి' అని అడిగేవాళ్ళ గోడు వినే వలస కోర్టు. మునిచంద్రది పలమనేరు. చిత్తూరు దగ్గర ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో, గుజ్జు పులిసిందా లేదా అని చూసే ల్యాబులో పని. రెండేళ్ళ కిందట, ఎగుమతికి పోయే గుజ్జు డ్రమ్ముల వెనక ఎర్రచందనం దుంగలు కనిపిస్తే అటవీ శాఖకు ఫోను చేశాడు. లారీ దొరికింది. లారీ వెనక ఉన్న మనిషి దొరకలేదు. పదో రోజు, అంటే మే పద్నాలుగున, పొద్దున ఆరుంబావుకు అతని గది తలుపు కింద ఆ ఉత్తరం వచ్చి పడింది. గుజ్జు శాంపిళ్ళు తీసుకుని ఆ చలిదేశంలో ఎగ్జిబిషనుకు పోవడానికి ఫ్యాక్టరీ వాళ్ళు అప్పటికే అతనికి టికెట్టు తీసి ఉన్నారు. పోయాడు. మూడు రోజులు అక్కడివాళ్ళందరికీ చెంచాలతో తోతాపురి గుజ్జు రుచి చూపించి, నాలుగో రోజు పోలీసు స్టేషనుకు వెళ్ళి, తిరిగి పోతే నన్ను బతకనివ్వరు, కాపాడండి అని కూర్చున్నాడు.

అక్కడివాళ్ళు ఏడాదిన్నర విన్నారు. విని, వెనక్కి పంపేయమని ఆర్డరు వేశారు.

రెండు కారణాలు రాశారు. ఒకటి, ఉత్తరం మీద పేరున్న ముకుందం చీమకు కూడా హాని చేయలేని ముసలివాడని తిరుపతి నుంచి 'గరుడనేత్ర డిటెక్టివ్ ఏజెన్సీ' పంపిన రిపోర్టు. రెండోది చదివినప్పుడు భారతమ్మకు ఒళ్ళు మండింది. 'కాగితం మూలల్లో ఆహారపు మరకలు ఉన్నాయి. బహుశా కూర. భోజనం చేస్తూ రాసిన ఉత్తరాన్ని గంభీరమైన బెదిరింపుగా భావించలేము.'

ఆ ఆర్డరు మీద అప్పీలు ఈరోజే. ఓడిపోతే ఆదివారం విమానం ఎక్కిస్తారు. చెన్నైలో దిగి చిత్తూరు రోడ్డు పట్టే మనిషి కోసం ఎవరు ఎక్కడ కాచుకుంటారో, ఆ ఉత్తరం రాసినవాడికే తెలుసు.

తొమ్మిది రోజుల కిందట మునిచంద్ర అక్క మునిలక్ష్మి నాలుగావుల పాలు డెయిరీకి పోసి, పలమనేరు నుంచి మొదటి బస్సుకు భారతమ్మ దగ్గరికి వచ్చింది. "నాకు కోర్టులూ తెల్దు, వకీళ్ళూ తెల్దు అక్కా. నువ్వు పెండ్లికొడుకుల్ని నిజమా దొంగా అని కనిపెడతావంట గదా. ఈ ఉత్తరాన్ని గూడా అట్లనే సూసి చెప్పు," అంది. భారతమ్మ అక్కడి వకీలుతో మాట్లాడి, ముకుందాన్ని వీడియోలో సాక్షిగా పిలిచే ఏర్పాటు చేసింది. మూడు రోజుల కిందట ఫోనులో ముకుందానికి విషయం చెప్పింది. ఆయన, "నేను హంతకుణ్ణని ఎన్ని కాపీలు తీశారమ్మా?" అని మాత్రం అడిగాడు.

ఇప్పుడు ఆ కాపీ ఆయన చేతికి ఇచ్చింది. ఆయన ఎర్ర పెన్ను తీసుకుని చదివాడు.

"తేదీ వేయలేదు. మార్జిను వదల్లేదు. 'నరికేస్తా' అని నాలుగుసార్లు రాశాడు, ఒకసారి రాస్తే సరిపోయేది. ఇట్లాంటి కాగితం మా సూపరింటెండెంటు ముందు పెడితే తిప్పి నా ముఖానే కొట్టేవాడు."

"మీరు రాయలేదంటారు."

"రాసి ఉంటే విషయం అని పైన ఒక లైను ఉండేది."

"మే పద్నాలుగు పొద్దున ఆరుంబావుకు మీరు యాడ ఉండారు స్వామీ?"

ముకుందం అలమర నుంచి రెండేళ్ళ కిందటి డైరీ తీసి, వేలు పెట్టి చదివాడు. "నాలుగూ పది, లేచుట. నాలుగూ ఇరవై ఐదు, కాఫీ, చక్కెర తక్కువ. ఐదు గంటలకు గోవిందరాజస్వామి గుడి. ఆరుంబావు, ప్రసాదం వరుసలో, నా ముందు పదకొండు మంది."

వంటింటి గుమ్మంలో నిలబడ్డ ఆయన భార్య కుముదవల్లి, "చక్కెర తక్కువని రాశారా?" అంది.

"ఉన్నది రాశాను."

"రెండేళ్ళ తర్వాత నలుగురిలో చదవడానికి రాశారు."

భారతమ్మ నవ్వు ఆపుకుంది. డైరీ బాగానే ఉంది, కానీ డైరీలు కూడా తర్వాత కూర్చుని రాసుకోవచ్చు. ఆమె దగ్గర ఇంకో పరీక్ష ఉంది. ఈ ప్రాంతంలో కోర్టు బోనులో ఎక్కి నిమ్మళంగా అబద్ధం చెప్పే మనిషి కూడా, కాణిపాకం వినాయకుడి ముందు నిలబడి ప్రమాణం చేయమంటే కాళ్ళు వెనక్కి లాగుతాడు.

"కాణిపాకం వస్తారా స్వామీ? దేవుని ముందర నేను రాయలేదని చెప్తారా?"

ముకుందం వెంటనే లేచి చెప్పుల కోసం చూశాడు. "కుముదం, ఫ్లాస్కులో మజ్జిగ పొయ్యి. ఒంటిగంటన్నర లోపల పోయి రాగలమా అమ్మా?"

"కూచోండి. పోయే పన్లేదు."

ప్రమాణం అనగానే చెప్పులు వెతికేవాడు నిజం చెప్పేవాడు, ముహూర్తం వెతికేవాడు కాదు. ఇరవై రెండేళ్ళలో భారతమ్మకు ఈ లెక్క ఒక్కసారి కూడా తప్పలేదు.

"మీరు ఏ కాగితం మీదైనా పైన ఏం రాస్తారు స్వామీ?"

"శ్రీమతే రామానుజాయ నమః. అది లేకుండా పాలవాడికి చీటీ కూడా రాయను."

"మరి దీంట్లో పైన సూడండి."

ఉత్తరం పైన నడిమధ్యలో తమిళ ఉకారంలాంటి చిన్న సుడి ఉంది, దాని కింద రెండు గీతలు. అరవ సరిహద్దు పక్కన ఉండే ఊళ్ళలో చాలామంది ఏది రాసినా ముందు పిళ్ళారికి, అంటే వినాయకుడికి, దండంగా ఆ సుడి పెడతారు. భారతమ్మ నాయన కూడా పెట్టేవాడు. అక్షరాలు గుర్తుపట్టకుండా పెద్దవిగా, వంకరగా మార్చి రాసినవాడు సుడిని మాత్రం మార్చలేదు. చేతికి అదొక దండం లాంటిది. తలకు తెలియకుండానే పెట్టేస్తుంది.

"ఇంగ ఈ మరకలు. ఆ దేశమోళ్ళు కూర అంటా ఉండారు."

కుముదవల్లి దగ్గరికి వచ్చి చూసింది. "పసుపమ్మా అది. శుభలేఖకు పెట్టినట్టు పెట్టాడు. నరుకుతానని రాసి పసుపు పెట్టాడా పాపిష్టి? కానీ మూడు మూలలకే పెట్టాడు, కింద ఎడమ మూలకు లేదే."

ముకుందం కళ్ళద్దాలు పైకి తోశాడు. ఎక్కడో చూశాననే ముఖం అది. లేచి పక్క గదిలోకి నడిచాడు.

ఆ గదిలో మంచం లేదు. మూడు గోడలకూ నేల నుంచి కప్పు దాకా ఫైళ్ళు. కరెంటు, నీళ్ళు, కేబులు, పక్కింటి కొబ్బరిచెట్టు. ఒక్కో ఫైలు మీద గుండ్రని అక్షరాల్లో విషయం, సంవత్సరం. భారతమ్మ చెప్పులు లేని కాళ్ళతో గుడిలో తిరిగినట్టు తిరిగింది.

"ఇంట్లోకి వచ్చిన కాగితం బయటికి పోదమ్మా," అంది కుముదవల్లి. "మనుషులే పోతారు."

"ఫిర్యాదులు, తినుబండారాలు," అని తనలో తాను చదువుకుంటూ ముకుందం ఒక ఫైలు లాగాడు. అందులో మొదట ఆయన రాసిన ఫిర్యాదు నకలు, నాలుగు పేజీలు. స్వామికి నైవేద్యం కోసం కొన్న మామిడి గుజ్జు డబ్బాకు సొట్ట పడి ఉన్న విషయం, సొట్ట కొలతలు, బొమ్మ. దాని వెనక ఫ్యాక్టరీ జవాబు, రెండు లైన్లు. 'డబ్బాకు సొట్ట పడినందుకు చింతిస్తున్నాము. కొత్త డబ్బా మా బండిలో పంపుచున్నాము.' కింద 'ట్రాన్స్‌పోర్టు మేనేజరు' అని ఉంది. సంతకం చిక్కుపడ్డ దారంలా ఉంది, పేరు తెలియదు.

పైన అదే సుడి, కింద రెండు గీతలు. మూడు మూలలకు పసుపు. కింద ఎడమ మూల ఖాళీ.

మునిచంద్ర పని చేసిన ఫ్యాక్టరీయే అది.

"కొత్త డబ్బా తెచ్చిన డ్రైవరు చేతిలో కాగితానికీ ఇట్లాగే ఉండింది," అన్నాడు ముకుందం. "ఎందుకయ్యా అని అడిగితే, మా మేనేజరు పసుపు పెట్టని ట్రిప్ షీటుతో బండి గేటు దాటదు, క్షేమంగా చేరాలని పెడతాడు అన్నాడు."

భారతమ్మ గోడకు ఆనుకుంది. రోజూ యాభై ట్రిప్ షీట్లకు పసుపు పెట్టిన చేయి, బెదిరింపు ఉత్తరానికి కూడా పెట్టేసింది. అది కూడా క్షేమంగా చేరాలి కదా. ఎవరి పేరు పెట్టాలా అని ఆలోచించినప్పుడు, ఫిర్యాదు మీద చక్కగా ఇంటి నంబరు, పిన్‌కోడుతో ఒక పేరు దొరికింది. ఎవరు వెతుక్కుంటూ వచ్చినా ఈ గుమ్మం దగ్గర నవ్వుకుని వెనక్కి పోవాలి. అక్కడి ఆఫీసర్లు సరిగ్గా అదే చేశారు.

ఇక తెలియాల్సింది ఆ దారంలాంటి సంతకం ఎవరిదో. టైము పదకొండూ నలభై ఐదు. వాకిట్లో కారు ఆగింది.

"ముకుందం స్వామీ, ఉండారా?"

గొంతు వినగానే భారతమ్మ ఫైలు మూసి, పైన తన సంచీ పెట్టి, ముందు గదిలోకి వచ్చి కూర్చుంది. వచ్చినవాడు ఢిల్లీబాబు. రెండేళ్ళ కిందట ఎక్కడి నుంచో ఊడిపడి, నేను పోలీసులో చేసినాను అని చెప్పుకుంటూ 'గరుడనేత్ర' బోర్డు పెట్టాడు. అప్పటి నుంచి భారతమ్మ చేసే వాకబులన్నీ సగం రేటుకు చేస్తున్నాడు. పోయిన మాఘమాసంలో అతను మంచివాడని సర్టిఫికెట్టు ఇచ్చిన ఒక పెళ్ళికొడుకు, ముహూర్తానికి గంట ముందు జైలు నుంచి పరుగెత్తుకుంటూ వచ్చాడు.

"ఓ, భారతక్కా. ఈడ గూడా సంబంధం సూస్తా ఉండావా? స్వామికి ఇంకో పెండ్లా?"

"నీ మాదిరి జైలు నుంచి తేలేదులే నాయనా. స్వామి ఇంట్లోనే దొరికినారు."

ఢిల్లీబాబు నవ్వుతూ చొక్కా జేబు నుంచి మడిచిన కాగితం తీశాడు. "స్వామీ, నేను ఆ దేశం గవర్నమెంటు తరఫున వచ్చినాను."

"ఏ దేశం?" అంది భారతమ్మ.

"అది రహస్యం."

"పేరు పలకడానికి రాదా?"

"నీకొస్తాదా?"

భారతమ్మకూ రాదు. తొమ్మిది రోజులుగా ఆమె కూడా ఆ సల్లదేశం అనే అంటోంది.

ఢిల్లీబాబు ముకుందం పక్కన కూర్చుని గొంతు తగ్గించాడు. "మిమ్మల్ని హంతకుడంటా ఉండారు స్వామీ, ఎంత అన్యాయం. నేను ఎవురినీ బెదిరించలేదు, ఆ పిల్లోడెవుడో నాకు తెల్దు అని ఈ కాగితం మీద ఒక్క సంతకం పెట్టండి. ఇప్పుడే పంపిచ్చేస్తాను. వీడియోలో కూచునే బాధ గూడా ఉండదు."

ముకుందం కాగితం చూశాడు. అందులో ఉన్నదంతా నిజమే. ఆయన బెదిరించలేదు. ఆ కుర్రవాడెవరో తెలియదు. "నిజమే రాశాడమ్మా," అన్నాడు భారతమ్మతో, దారి తప్పినవాడిలా. "నిజానికి సంతకం పెట్టకపోతే తప్పు కదా."

ఆ ప్రశ్న భారతమ్మకు కొత్త కాదు. దేవుడి దగ్గర నిలబడినప్పుడు కూడా ఆమెకు అప్పుడప్పుడూ ఈ సందేహం వస్తుంది. నిజాన్ని ఒకణ్ణి చంపడానికి వాడుకుంటే, ఆ పాపం నిజం చెప్పినవాడి లెక్కలో పడుతుందా, చెప్పించినవాడి లెక్కలోనా?

"నిజమే స్వామీ," అంది. "సగం. మిగతా సగం ఒంటిగంటన్నరకు మీరు నోటితో చెప్పాల."

"ఏందక్కా సగం?" ఢిల్లీబాబు చిరాకు పడ్డాడు. "ఒక సొట్టపడిన డబ్బా కోసం నాలుగు పేజీలు రాసిన మనిషికి, ఒక సంతకానికి ఇంత ఆలోచన దేనికి స్వామీ?"

ముకుందం తల ఎత్తబోయాడు. భారతమ్మ కాలి బొటనవేలితో ఆయన పాదం తొక్కింది. డబ్బా సంగతి ఈ గదిలో ఎవరూ ఎత్తలేదు. నాలుగు పేజీల సంగతి అసలే ఎత్తలేదు. ఆ ఫిర్యాదు చదివినవాళ్ళు లోకంలో ముగ్గురే. రాసినాయన, ఇప్పుడే చూసిన తాను, జవాబిచ్చిన మేనేజరు.

"అయితే ఒక పని చెయ్యప్పా," అంది భారతమ్మ, గొంతు మెత్తగా చేసి. "టైపు కొట్టిన కాగితం కోర్టులో నిలబడదు. అదీగాక ఇంగ్లీషులో ఉండాది, స్వామి తెలుగులో ఉంటేనే సంతకం పెడతారు. నువ్వే సేత్తో రాసియ్యి."

"అవును," అన్నాడు ముకుందం. అది ఎత్తు అని ఆయనకు తెలియదు, చేతిరాతంటే ఆయనకు నిజంగానే గౌరవం. "అంగుళం మార్జిను వదలండి."

"శుక్రవారం వచ్చినావు భారతమ్మా, బొట్టు పెట్టించుకోకుండా పోతావా," అంటూ కుముదవల్లి అప్పుడే పసుపు కుంకుమ పళ్ళెం తెచ్చింది. భారతమ్మ పెట్టించుకుని, పళ్ళేన్ని బల్ల మీద, ఢిల్లీబాబు కుడిచేతికి జానెడు దూరంలో పెట్టింది.

ఢిల్లీబాబు తెల్లకాగితం ముందుకు లాక్కున్నాడు. జారకుండా ఎడమ బొటనవేలితో కింది మూల అదిమి పెట్టాడు. పెన్ను పైకి పోయింది. సుడి. రెండు గీతలు. తర్వాత గబగబా ఆరు లైన్లు. ఒంటిగంటన్నర లోపల పని ముగించాలన్న తొందర. రాయడం అయిపోగానే, కళ్ళు ముకుందం మీదే ఉంచి, కుడిచేతి వేలు దానంతట అదే పళ్ళెంలోకి పోయింది. పై మూల, ఇంకో పై మూల, కింద కుడి మూల. ఎడమ మూల బొటనవేలి కింద ఉంది.

"ఇదిగో స్వామీ, సంతకం."

ముకుందం కాగితం అందుకుని పంచింగ్ మిషనులో పెట్టి చటుక్కున నొక్కాడు. లేచి పోయి ఫైలుకు తగిలించి, దారం ముడి వేసి, ఫైలును ఒడిలో పెట్టుకుని కూర్చున్నాడు. "ముందు ఫైలు చేయాలి, తర్వాతే సంతకం. మా ఆఫీసులో అదే పద్ధతి."

"దాని పక్కన కాగితం సూడు ఢిల్లీబాబూ," అంది భారతమ్మ. "సొట్ట డబ్బాకు నువ్విచ్చిన జవాబు. ఇది పలమనేరు పిల్లోడికి రాసింది. మూడింటికీ ఒకే సుడి, ఒకే మూడు మూలలు. పోలీసులో చేసినానంటివే, ట్రాన్స్‌పోర్టు మేనేజరుగా ఎప్పుడు చేసినావు?"

ఢిల్లీబాబు ముఖం మీద నవ్వు ఉన్నచోటే ఉంది, దాని కింద రంగు మాత్రం పోయింది. "పసుపు అందరిండ్లల్లో ఉంటాది అక్కా."

"ఉంటాది. అందరూ నాలుగు మూలలకు పెడతారు."

"పిచ్చి మాటలు."

"అట్లయితే కాణిపాకం పోదాం పా. నీ కారే ఉండాది. నేను రాయలేదని దేవుని ముందర ఒక్క మాట చెప్పు, నేను ఈ పని మానుకుని ఇంట్లో కూచుంటా."

"పోలేనక్కా. మాకు మైల. మొన్ననే మా పెద్దమ్మ చనిపోయినాది."

కుముదవల్లి పక్కనే నిలబడి వింటోంది. హంతకుడు తన సోఫాలో కూర్చున్నాడని తెలిసినా ఆమె ముఖం మారలేదు. ఇప్పుడు మారింది. "మైలలో ఉండి నా శుక్రవారం పళ్ళెం ముట్టుకుంటివా?"

ఢిల్లీబాబు లేచాడు. ఎర్రచందనం గురించి అడిగితే ఏదో ఒకటి చెప్పేవాడేమో కానీ, దీనికి మాత్రం గుమ్మం దారి పట్టాడు. ఫైలు వైపు ఒకసారి చూశాడు. ముకుందం ఫైలును రెండు చేతులతో కడుపుకు అదుముకున్నాడు. గుమ్మం దగ్గర ఢిల్లీబాబు చెప్పులు వేసుకుంటూ, చాలా మర్యాదగా అన్నాడు.

"వీడియోలో బాగా మాట్లాడండి స్వామీ. భారతక్కా, పోయేటప్పుడు హెల్మెట్టు పెట్టుకుని పో. రోడ్లు మంచివి కావు."

కారు పోయిన చప్పుడు వినిపించింది. తర్వాత కుముదవల్లి పళ్ళెం తీసుకుపోయి పెరట్లో పసుపంతా పారబోసి, మూడుసార్లు తోమింది.

పన్నెండున్నరకు భారతమ్మ మూడు కాగితాలకూ ఫొటోలు తీసి అక్కడి వకీలుకు పంపింది. ఒంటిగంటకు తన కూతురి లాప్‌టాప్‌ను ముకుందం ముందు పెట్టి, కెమెరా వైపు చూడాలని, చక్కెర సంగతి ఎత్తొద్దని చెప్పింది. మధ్యలో మునిలక్ష్మి ఫోను చేసింది. "ఆవులు గూడా పాలియ్యలేదక్కా ఈ పొద్దు. నా దిగులు వాటికి గూడా తెల్సిపోయినట్టుంది. గెలస్తాడా?"

"రెండు గంటలు ఓపిక పట్టు తల్లీ."

అక్కడి వకీలు నుంచి జవాబు వచ్చింది. దుభాషి చేత తెలుగులో రాయించిన నాలుగు లైన్లు. మంచి ఆధారాలే, కానీ ఉత్తరం రెండేళ్ళ కిందటిది. ప్రమాదం ఇప్పటికీ ఉందా అని జడ్జి తప్పక అడుగుతారు. దానికి ఏమైనా ఉందా?

భారతమ్మ దగ్గర ఏమీ లేదు. చార్జరు స్కూటరు డిక్కీలో ఉండిపోయిందని గుర్తొచ్చి వాకిట్లోకి దిగింది. ఒంటిగంటా పన్నెండు. హెల్మెట్టు అద్దానికి తగిలించి ఉంది. తీస్తుంటే లోపల ఏదో కాగితం చేతికి తగిలింది.

పైన సుడి, రెండు గీతలు. మూడు మూలల పసుపు ఎండిపోయి ఉంది. ముందే రాసి తెచ్చి, ఇంట్లోకి రాకముందే వాకిట్లో ఆమె స్కూటరును చూసి పెట్టాడన్న మాట. ఈసారి అక్షరాలు మార్చే ఓపిక కూడా పెట్టుకోలేదు.

'భారతక్కకు. ఆ పిల్లోడి పని వదిలిపెట్టు. నీ కూతురు రూపశ్రీ శ్రీ సిటీలో పని దిగి 5.40 బస్సు ఎక్కుతాది. ఎడమ పక్క మూడో సీటు. మాకు అన్నీ తెలుసు.'

భారతమ్మ స్కూటరు సీటు మీద కూర్చుండిపోయింది. ఇరవై రెండేళ్ళలో ఎంతోమంది పెళ్ళికొడుకుల తండ్రులు తిట్టారు, ఒకడు కుక్కను వదిలాడు. ఇది అట్లాంటిది కాదు. కూతురికి ఫోను చేస్తే వేలు రెండుసార్లు తప్పు నంబరు మీద పడింది.

"రూపా, ఈ పొద్దు బస్సు ఎక్కొద్దు. కంపెనీ లోపలే ఉండు. మీ నాయన డ్యూటీ దిగి వస్తాడు, ఆయన కనబడేదాకా గేటు దాటొద్దు."

"ఏందిమా? ఏమైంది?"

"ఏం లేదు. చెప్పింది చెయ్యి."

ఏం లేదు. పలమనేరు పిల్లవాడు కూడా ఆ రోజు పొద్దున ఉత్తరం చదివి, అక్కకు ఫోను చేసి, ఏం లేదనే చెప్పి ఉంటాడు. ఆ తర్వాత ఏడాదిన్నర పాటు పరాయి మనుషుల ముందు కూర్చుని, నా భయం నిజమైనదే అని చెప్పుకుంటూ వచ్చాడు. వాళ్ళు మరకలు చూశారు. భయానికి మరక ఉండదు కదా, ఎట్లా చూపిస్తాడు? తొమ్మిది రోజులుగా తాను కూడా ఉత్తరాన్నే చూసింది. దాన్ని అందుకున్నవాడి చేతులు ఎట్లా ఉండి ఉంటాయో ఇప్పుడు చూసుకుంటోంది.

కాగితం చింపేసి ఇంటికి పోవచ్చు. రూపశ్రీ రేపటి నుంచి మళ్ళీ ఎడమ పక్క మూడో సీటులో కూర్చోవచ్చు. ఆదివారం విమానం దిగేవాడు ఎవరి కొడుకో, ఎవరి తమ్ముడో.

ఆమె చార్జరు తీయడం మరిచిపోయి మెట్లు ఎక్కింది.

అప్పటికి ఒంటిగంటన్నర దాటింది. తెర మీద నాలుగు గళ్ళు. ఒకదాంట్లో నెరిసిన జుట్టు జడ్జమ్మ, ఒకదాంట్లో వకీలు, ఒకదాంట్లో తెలుగు తెలిసిన దుభాషి. నాలుగో దాంట్లో మందమైన స్వెట్టరులో మునిచంద్ర, ఫొటోలో కన్నా చాలా సన్నబడి ఉన్నాడు. ముకుందం అప్పటికే తన పేరు, వయసు, పిన్‌కోడు చెప్పేశాడు. భారతమ్మ చేతిలో కాగితం చూడగానే ఆయన చేయి అలవాటుగా పంచింగ్ మిషను మీదికి పోయింది.

"ఆగండి స్వామీ. ముందు జడ్జమ్మ సూడనీండి."

ఆమె కాగితాన్ని కెమెరా ముందు పట్టుకుంది. మూడు మూలలూ కనపడేట్టు పట్టుకోవాలంటే తన బొటనవేలిని కింద ఎడమ మూలలోనే పెట్టాల్సి వచ్చింది. నాలుగో గడిలో మునిచంద్ర కుర్చీలో నుంచి సగం లేచాడు.

జడ్జమ్మ ఏదో అడిగింది. దుభాషి చెప్పాడు. "ఈ ఉత్తరం ఎవరికి, ఎప్పుడు వచ్చిందని అడుగుతున్నారు."

"నాకు. ఈ పొద్దే. పదకొండూ పదికీ నలభై ఐదుకూ మధ్యలో."

జడ్జమ్మ కళ్ళద్దాలు తీసి పక్కన పెట్టింది. ఈసారి ప్రశ్న చాలా చిన్నది.

"మీకు భయంగా ఉందా అని అడుగుతున్నారు."

బల్ల మీద భారతమ్మ ఫోను వెలిగింది. రూపశ్రీ మెసేజి. 'అమ్మా, గేటు దగ్గర ఎవరో నా పేరు చెప్పి అడుగుతా ఉండారంట. మామిడి గుజ్జు డబ్బా ఇచ్చి పోవాలంట. నువ్వు పంపినావా?'

భారతమ్మ ఆ రెండు లైన్లూ చదివి, తల ఎత్తి కెమెరాలోకి చూసింది.

"ఉండాది," అంది. "రాసుకోమనండి."